గుర్రం రంగాలంకరణా, నటుడా? బొమ్మలాట దర్శకుల వృత్తిలోని చిక్కుముడి

2008లో లండన్‌లో నాటక రంగానికిచ్చే ఆలివియర్ పురస్కారాలు ప్రకటించినప్పుడు ‘వార్ హార్స్’ నాటకంలోని గుర్రాల సృష్టికర్తలు ఏడ్రియన్ కోలర్, బేసిల్ జోన్స్ కూడా విజేతల్లో ఉన్నారు. వారికి దక్కింది ఉత్తమ రంగాలంకరణ పురస్కారం. నాటకానికి రంగస్థలాన్ని రూపొందించిన రే స్మిత్‌తో కలిపి ఇచ్చారు. 2011లో అదే నాటకం న్యూయార్క్ చేరినప్పుడు, వారు నడిపే హ్యాండ్‌స్ప్రింగ్ పప్పెట్ కంపెనీకి అమెరికా నాటక రంగ పురస్కారమైన టోనీ ప్రత్యేకంగా లభించింది. అక్కడ ఉన్న విభాగాల్లో బొమ్మలాటకంటూ ఒకటి లేదు. 2022లో ‘లైఫ్ ఆఫ్ పై’ నాటకంలో పులిని ఆడించిన ఏడుగురికి కలిపి ఆలివియర్ ఉత్తమ సహాయ నటుడి పురస్కారం ఇచ్చారు.

ఒకే రకమైన పనిని పద్నాలుగేళ్లలో ఒకసారి అలంకరణగానూ, ఒకసారి ఏ గడిలోనూ ఇమడని ప్రత్యేక సాధనగానూ, మరోసారి నటనగానూ గుర్తించారన్నమాట. ఈ తడబాటుకు పురస్కారాల సంఘాలను తప్పుపట్టి లాభం లేదు. ఈ కళ నిజంగానే రెండు మూడు శాఖల సరిహద్దు మీద నిలబడి ఉంటుంది. ఆ సరిహద్దు మీద జీవితమంతా పనిచేసేవారిని రంగస్థలంలో పప్పెట్రీ డైరెక్టర్ అనీ, సినిమాల్లో క్రీచర్ డిజైనర్ అనీ పిలుస్తారు. చాలామంది ఈ రెండు పనులూ తామే చేస్తారు. ఎందుకు చేయవలసి వస్తుందో తెలిస్తే ఈ వృత్తి అర్థమైనట్టే.

నేను చెప్పదలచింది ఒక్కటే. ప్రాణి ఎలా కనిపించాలన్న నిర్ణయాన్నీ ఎలా ప్రవర్తించాలన్న నిర్ణయాన్నీ విడదీయడం సాధ్యం కాదు. బొమ్మకు పిడి ఎక్కడ అమర్చాలో నిర్ణయించిన క్షణంలోనే దాని నటన సగం నిర్ణయమైపోతుంది.

ఎవరి పని ఏది

కాగితం మీద చూస్తే విభజన తేలికగానే ఉంటుంది. క్రీచర్ డిజైనర్ ప్రాణి శరీరాన్ని ఊహిస్తారు: ఎన్ని కాళ్లు, ఏ చర్మం, ఎముకలు ఎక్కడ, కళ్లు ఎటువైపు. తయారీ బృందం ఆ ఊహకు కీళ్లు, తీగలు, మోటార్లు పెట్టి వస్తువుగా మారుస్తుంది. ఆడించేవారు దాన్ని చేతుల్లోకి తీసుకుంటారు. పప్పెట్రీ డైరెక్టర్ ఆ ఆడించేవారిని ఎంపిక చేసి, వారికి తర్ఫీదు ఇచ్చి, ఆ ప్రాణి ఒక సన్నివేశంలో ఏమనుకుంటోంది, ఎప్పుడు తల తిప్పుతుంది, ఎప్పుడు కదలకుండా ఉంటుంది అన్నవి తీర్చిదిద్దుతారు. వీరందరి పైన నాటక దర్శకుడో సినిమా దర్శకుడో ఉంటారు.

ఆచరణలో ఈ గీతలు నిలవవు. 1979 నాటి ‘ఏలియన్’ సినిమా సంగతి చూడండి. ఆ జీవి ఆకారం స్విట్జర్లాండ్ చిత్రకారుడు హెచ్. ఆర్. గీగర్‌ది. దవడలు, పెదవులు కదిలే తల లోపలి యంత్రాంగం ఇటలీకి చెందిన కార్లో రాంబాల్డిది. ఆ తొడుగు వేసుకుని నడిచినవాడు బొలాజి బడెజో, రెండు మీటర్లకు పైగా ఎత్తున్న సన్నని మనిషి. తెర మీద మనల్ని భయపెట్టేది ఈ ముగ్గురిలో ఎవరి సృష్టి? బడెజో అంత పొడవుగా, అంత సన్నగా లేకపోతే గీగర్ బొమ్మ తెర మీద మామూలు మనిషి వేసుకున్న రబ్బరు తొడుగులా మిగిలేది. రాంబాల్డి తల లేకపోతే ఆ జీవికి ఆకలి ఉన్నట్టు మనకు తోచేది కాదు. ఆ ఏడాది దృశ్యప్రభావాల ఆస్కార్ అందుకున్న ఐదుగురిలో గీగర్, రాంబాల్డి ఇద్దరూ ఉన్నారు.

ఆ మూడు పనులనూ మొదటి రోజు నుంచి కలిపి ఆలోచించే మనిషి ఒకరు ఉండాలన్న గుర్తింపు నుంచే ఈ వృత్తి నేటి రూపంలో ఎదిగింది.

ఒక గుర్రాన్ని విడదీసి చూస్తే

కోలర్, జోన్స్‌లు 1981లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో తమ సంస్థను మొదలుపెట్టారు. 2007లో లండన్ నేషనల్ థియేటర్ ‘వార్ హార్స్’ ప్రదర్శించేనాటికి వారికి పాతికేళ్ల అనుభవం ఉంది. మైకేల్ మోర్పర్గో నవల ఆధారంగా తీసిన ఆ నాటకంలో ప్రధాన పాత్ర జోయీ అనే గుర్రం. అది మాట్లాడదు. మనిషిలా ఆలోచించదు. కానీ రెండున్నర గంటల పాటు ప్రేక్షకుల దృష్టి దాని మీదే ఉండాలి. దాని మీద ఒక నటుడు నిజంగా సవారీ చేయాలి.

జోయీ శరీరం పేము బద్దలతో అల్లిన చట్రం. దానిపై లోపలి మనుషులు కనిపించేంత పలుచని గుడ్డ. ముగ్గురు దాన్ని నడిపిస్తారు. ఒకరు బయట నిలబడి తలను, చెవులను ఆడిస్తారు. మిగిలిన ఇద్దరు గుర్రం లోపల ఉంటారు. వారిలో ముందున్నవారిని ‘హృదయం’ అంటారు. ముందు కాళ్లు, ఊపిరి వారి బాధ్యత. వెనకవారిది వెనక కాళ్లు, తోక. సవారీ చేసే మనిషి బరువును ఈ ఇద్దరూ తమ వెన్నుకు తగిలించుకున్న చట్రం మీద మోస్తారు.

ఈ అమరికలో ప్రతి అంశమూ ఏకకాలంలో ఆకృతి నిర్ణయమూ, నటన నిర్ణయమూ కూడా. ఆ గుర్రానికి కనుబొమలు లేవు, మనిషిలా నవ్వే నోరు లేదు. అసలు గుర్రానికే అవి ఉండవు. గుర్రం తన మనసును చెవులతో చెబుతుంది. వినే దిక్కుకు చెవి తిరుగుతుంది, భయపడితే వెనక్కి వాలుతుంది, నమ్మకం కలిగితే వదులవుతుంది. అందుకే కోలర్ తన యంత్రాంగాన్ని చెవుల్లో పెట్టారు. తల ఆడించే మనిషి వేలికి అందేలా ఆ తీగను అమర్చారు. రూపకర్త ఇక్కడ గుర్రపు ముఖాన్ని అందంగా చెక్కి ఊరుకుని ఉంటే, దర్శకుడు ఎంత గొప్పవాడైనా దాని చేత ఏమీ పలికించలేకపోయేవాడు.

ఊపిరి సంగతి ఇంకా లోతైనది. ముందున్న మనిషి మోకాళ్లను కొద్దిగా వంచి లేపుతూ ఉంటే గుర్రం ఛాతీ ఎగసి పడుతుంది. సకిలింపు, బుసకొట్టడం లాంటి శబ్దాలు కూడా రికార్డు చేసినవి కావు. గుర్రం ఊపిరితిత్తుల్లో పట్టే గాలి ఒక్క మనిషి గొంతులో ఇమడదు కాబట్టి ముగ్గురూ కలిసి ఒక సకిలింపును పంచుకుంటారు. ఒకరు మొదలుపెడితే మరొకరు అందుకుంటారు. అందుకు ముగ్గురూ ఒకే లయలో ఊపిరి పీల్చడం నేర్చుకోవాలి. ఆ లయను నేర్పడమే పప్పెట్రీ డైరెక్టర్ పనిలో అతి పెద్ద భాగం. సైగలు చేసుకోవడానికి వారికి వీలుండదు, మాట్లాడుకోవడానికి అసలే ఉండదు. ఆగాలా కదలాలా అన్నది పక్క మనిషి ఊపిరి బట్టి, చట్రంలో తగిలే బరువు బట్టి తెలుసుకోవాలి.

రంగస్థలం మీద నటుడు చనిపోయినట్టు నటించడానికి కష్టపడతాడనీ, బొమ్మ మాత్రం బతికి ఉన్నట్టు నమ్మించడానికే కష్టపడుతుందనీ జోన్స్ వివరించేవారు. ఈ కళ గురించి ఇంతకంటే సూటిగా చెప్పిన మాట నాకు తారసపడలేదు. నటుడు చేయి కదపకుండా కూర్చున్నా అతడు బతికే ఉన్నాడని మనకు తెలుసు. బొమ్మ ఒక్క క్షణం ఊపిరి ఆపితే అది వస్తువైపోతుంది. సన్నివేశంలో దాని పాత్ర ఏమీ లేని నిమిషాల్లో కూడా ఎవరో ఒకరు దాన్ని బతికిస్తూనే ఉండాలి.

ఊపిరి, చూపు, బరువు

దేశం ఏదైనా, బొమ్మ ఏదైనా, ఈ వృత్తిలోని వారు మొదట నేర్చుకునేవి, చివరిదాకా వదలనివి ఈ మూడే. ఊపిరి గురించి చెప్పుకున్నాం.

చూపు అంటే బొమ్మ ఎటు చూస్తోందన్నది ప్రేక్షకులకు నిస్సందేహంగా తెలియాలి. కళ్లు కదలని బొమ్మకు ముక్కే చూపు దిక్కు. తల కొన్ని డిగ్రీలు తప్పినా అది ఎదుటి పాత్ర కళ్లలోకి కాకుండా భుజం వెనక గోడను చూస్తున్నట్టు ఉంటుంది, ఇక ఆ ఇద్దరి మధ్య బంధం తెగిపోతుంది. అమెరికా టెలివిజన్ బొమ్మలాటకు పేరొందిన జిమ్ హెన్సన్ బృందంలో బొమ్మలు తయారు చేసిన డాన్ సాలిన్ దీన్ని ముఖ నిర్మాణంలోనే పరిష్కరించారు. కనుపాపలను ముక్కుకు అనుగుణంగా ఒక త్రికోణంలో, కాస్త లోపలికి వచ్చేలా అమర్చితే బొమ్మ దేన్నో నిజంగా చూస్తున్నట్టు కనిపిస్తుంది. నల్ల గుడ్డ ముక్కను అటో ఇటో కాస్త జరిపితే చాలు, ఆ చూపు పోతుంది. చూపుకు మరో ఉపయోగం కూడా ఉంది. ఆడించే ముగ్గురూ బొమ్మ చూసే చోటునే చూస్తే ప్రేక్షకులు కూడా వారిని వదిలి బొమ్మను చూస్తారు. ఒక్కరు ప్రేక్షకుల వైపు చూసినా దృష్టి అటు జారుతుంది.

ఇక బరువు. బొమ్మ పులి నిజానికి తేలికగా ఉంటుంది. కానీ అది పడవలోకి దూకినప్పుడు పాదాలు నేలను తాకిన తర్వాత శరీరం ఒక క్షణం కిందికి కుంగాలి, ఆ తర్వాతే లేవాలి. ఆ కుంగడం లేకపోతే పులి గాలిలో తేలుతుంది. ‘లైఫ్ ఆఫ్ పై’ పులిని ఒక్కో సమయంలో ముగ్గురు ఆడిస్తారు. ఏడుగురు వంతులవారీగా మారతారు. వెన్ను వంచి, పులి నడుము కింద ఇమిడి, దాని బరువును తమ కండరాలతో నటించడం రోజూ ఒకే మనిషి చేయగల పని కాదు. ఎవరికి ఏ రోజు ఏ భాగం అన్న పట్టిక వేయడం, కొత్త జట్టు కలిసినప్పుడు పులి స్వభావం మారకుండా చూడటం కూడా పప్పెట్రీ డైరెక్టర్ లెక్కలోకే వస్తాయి.

ముగ్గురు కలిసి ఒక ప్రాణిగా మారే పద్ధతికి మూలం వెతికితే జపాన్ సంప్రదాయ బొమ్మలాట బున్రాకు దగ్గరకు వెళ్లాలి. అక్కడ ప్రధాన కళాకారుడు తలను, కుడి చేతిని ఆడిస్తారు. రెండోవారు ఎడమ చేతిని, మూడోవారు పాదాలను. సంప్రదాయం ప్రకారం పాదాల దగ్గర పదేళ్లు, ఎడమ చేతి దగ్గర మరో పదేళ్లు గడిపితేగాని తల చేతికి రాదు. పాదాలు పట్టుకున్న మనిషి శరీరం ప్రధాన కళాకారుడి నడుముకు దగ్గరగా ఉంటుంది. అడుగు ఎప్పుడు వేయాలో ఆ స్పర్శ నుంచే తెలుస్తుంది. ఆధునిక నాటక బృందాలకు ఇరవై ఏళ్లు ఉండవు, కొద్ది వారాల రిహార్సల్ మాత్రమే ఉంటుంది. బున్రాకు రెండు దశాబ్దాల్లో ఇచ్చే స్పర్శజ్ఞానాన్ని కొద్ది వారాల్లో కనీసం పని జరిగేంతవరకైనా రాబట్టాలి. ఈ వృత్తిలో అన్నిటికన్నా కఠినమైన భాగం ఇదేనని నా అభిప్రాయం. బయటివారికి కనిపించనిది కూడా ఇదే.

గీత నుంచి గోధుమరంగు కాగితం దాకా

క్రీచర్ డిజైనర్ల పని ఊహతో మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. మంచి రూపకర్తలు శరీర నిర్మాణంతో మొదలుపెడతారు. 1999 నాటి ‘స్టార్ వార్స్’ చిత్రానికి జీవులను రూపొందించిన టెరిల్ విట్లాచ్ జంతుశాస్త్రం చదివినవారు. ఆమె పద్ధతిలో ఊహాజీవికి కూడా అస్థిపంజరం ఉంటుంది, కండరాలు ఆ ఎముకలకు ఒక చోట అతుక్కుంటాయి, అది ఏదో తింటుంది, ఎక్కడో నివసిస్తుంది. వేటాడే జంతువుకు కళ్లు ముందుకు, వేటకు గురయ్యే జంతువుకు పక్కలకు ఉంటాయన్న ఒక్క సంగతి ముఖం మొత్తాన్ని మార్చేస్తుంది. ఆరు కాళ్ల జీవిని గీయడం తేలిక. రెండో జత భుజాలు ఏ ఎముకకు అతుకుతాయో చెప్పగలిగితేనే దాన్ని నడిపించగలరు.

రంగస్థలం మీదికి వచ్చే జీవికి ఇంకో శరీరం కూడా ఉంది. అది లోపలి మనిషిది. జంతువు మోకాలు ఉండవలసిన చోట మనిషి మోచేయి ఉండవచ్చు. నాలుగు కాళ్ల జంతువు వెనక కాలి కీలు మన మోకాలికి ఎదురు దిక్కులో వంగినట్టు కనిపిస్తుంది, నిజానికి అది దాని మడమ. ఈ రెండు అస్థిపంజరాలను ఒకదానిపై మరొకటి పరిచి, ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ తప్పుతాయి అని చూడటంతోనే పని మొదలవుతుంది.

తర్వాత నమూనా. చాలా వర్క్‌షాపుల్లో మొదటి నమూనాను నలిపిన గోధుమరంగు కాగితంతో, అంటించే టేపుతో చేస్తారు. గంటలో తయారవుతుంది, చించేయడానికి మనసు బాధపడదు. ఆ కాగితం గుర్రాన్నో పక్షినో పట్టుకుని ఆడించేవారు గదిలో నడుస్తారు. మెడ పొడవు చాలదని, పిడి పది సెంటీమీటర్లు వెనక్కి ఉండాలని, రెక్క విప్పాలంటే మూడో చేయి కావాలని అప్పుడు బయటపడుతుంది. నాటక రచనలో ఆ ప్రాణి ఏమేం చేయాలో కూడా ఈ దశలోనే తేలాలి. అది తినాలా? దాన్ని ఎవరైనా కౌగిలించుకుంటారా? చచ్చిపోతుందా? చచ్చిపోతే కళేబరాన్ని వేదిక మీద నుంచి ఎవరు తీసుకెళతారు? ఈ ప్రశ్నలు అడగకుండా తయారీ మొదలైతే చివరి నెలలో బొమ్మను కోసి మళ్లీ అతకవలసి వస్తుంది. పప్పెట్రీ డైరెక్టర్‌ను తయారైన బొమ్మలకు తర్ఫీదు ఇచ్చే మనిషిగా భావించి రిహార్సల్ మొదలయ్యే వారం ముందు పిలిచే నిర్మాణ సంస్థలు ఈ నష్టాన్ని కొని తెచ్చుకుంటున్నాయి. ఆ మనిషి కాగితం దశలో గదిలో ఉండాలి.

పదార్థాల ఎంపిక మీద ఒక పుస్తకమే రాయవచ్చు. ఒక ఉదాహరణతో సరిపెడతాను. 1993 నాటి ‘జురాసిక్ పార్క్’ కోసం స్టాన్ విన్‌స్టన్ స్టూడియో దాదాపు 12 మీటర్ల పొడవు, నాలుగు టన్నులకు పైగా బరువున్న టైరనోసారస్ యంత్రాన్ని చేసింది. దాని చర్మం ఫోమ్ రబ్బరు. ఆ జంతువు కనిపించే ప్రధాన సన్నివేశం వానలో చిత్రీకరించారు. ఫోమ్ నీటిని పీల్చుకుంది, తల బరువెక్కింది, ఆ అదనపు బరువును లెక్కలోకి తీసుకోని హైడ్రాలిక్ వ్యవస్థ వణకడం మొదలుపెట్టింది. షాట్ల మధ్య బృందం దాన్ని తువాళ్లతో తుడిచి ఆరబెట్టవలసి వచ్చింది. చర్మం ఎలా ఉండాలన్న ప్రశ్నకు సన్నివేశంలో వాతావరణం కూడా జవాబు చెప్పాలి.

దాచాలా, చూపాలా

రంగస్థలానికీ తెరకూ మధ్య పెద్ద తేడా ఆడించేవారిని ఏం చేయాలన్న దగ్గర వస్తుంది. 1997లో ‘ది లయన్ కింగ్’ సంగీత నాటకాన్ని జూలీ టేమర్ దర్శకత్వం వహించి, మైకేల్ కర్రీతో కలిసి ముసుగులు, బొమ్మలు రూపొందించారు. అందులో సింహం ముసుగు నటుడి ముఖాన్ని కప్పదు, తల పైన ఉంటుంది. మనిషినీ మృగాన్నీ ప్రేక్షకులు ఒకేసారి చూస్తారు. ఎక్కడ దృష్టి పెట్టాలో తామే ఎంచుకుంటారు. ఇండోనేషియాలో కొన్నేళ్లు పనిచేసిన అనుభవం టేమర్‌కు ఉంది; అక్కడి నీడబొమ్మలాటలో, ముసుగు నాటకాల్లో చూసినవి ఆమె పనిలో స్పష్టంగా కనిపిస్తాయి. 1998లో ఆ నాటకానికి ఆమె అందుకున్న టోనీ, సంగీత నాటక దర్శకత్వానికి ఒక మహిళకు దక్కిన మొదటిది.

తెర మీద మనిషి కనిపించకూడదు. జిమ్ హెన్సన్ టెలివిజన్ కోసం కనిపెట్టిన పద్ధతిలో కెమెరా చట్రమే రంగస్థలం. ఆడించేవారు చేతిని తలపైకి ఎత్తి, కింద పెట్టిన మానిటర్‌లో తమ బొమ్మను చూసుకుంటూ నటిస్తారు. అది అద్దంలా తిరగబడిన బొమ్మ కాదు, ప్రేక్షకులు చూసే దృశ్యమే. అందుకే కొత్తవారు కుడికి వెళ్లాలనుకుని ఎడమకు వెళతారు. అలవాటు పడ్డాక మరో లాభం దొరుకుతుంది: తన నటనను అది జరుగుతున్న క్షణంలోనే ప్రేక్షకుడిగా చూడగలిగే నటులు వీరు తప్ప దాదాపు ఎవరూ లేరు.

ఇప్పుడు కడ్డీలు పట్టుకుని నిలబడిన మనుషులను కంప్యూటర్‌తో చెరిపేయవచ్చు. 2015 ‘స్టార్ వార్స్’ చిత్రంలో బీబీ-8 అనే గుండ్రని యంత్రానికి చాలా షాట్లలో ఇద్దరు మనుషులు ప్రాణం పోశారు. వారి రూపాలను తర్వాత తొలగించారు. దీనివల్ల పెద్ద స్వేచ్ఛ వచ్చింది. కడ్డీ ఎక్కడ పెడితే కెమెరాకు కనిపించదన్న పాత ఆంక్ష పోయి, ఎక్కడ పెడితే మంచి నటన వస్తుందన్న ప్రశ్న ముందుకు వచ్చింది.

భారీ బొమ్మల్లో దాచడం, చూపడం కలిసిపోతాయి. ఆస్ట్రేలియాకు చెందిన సన్నీ టిల్డర్స్ 2013లో మెల్‌బోర్న్‌లో వేదికెక్కిన ‘కింగ్ కాంగ్’ కోసం దాదాపు ఆరు మీటర్ల ఎత్తు, టన్నుకు పైగా బరువున్న గొరిల్లాను రూపొందించారు. దాని ముఖంలోని మోటార్లను హాలు వెనక నుంచి కొందరు నడిపిస్తారు. చేతులు, భుజాలను మాత్రం వేదిక మీద అందరికీ కనిపిస్తూ ఒక బృందం తాళ్లతో లాగుతుంది. చేయి పైకి లేవాలంటే ఆ బృందంలోవారు తాడు పట్టుకుని గొరిల్లా వీపు మీద నుంచి దూకుతారు. వారి శరీర భారమే ఆ చేతిని ఎత్తుతుంది. మోటారుతో ఎత్తవచ్చు కదా అంటే, ఎత్తవచ్చు. కానీ మనిషి బరువు ఇచ్చే విసురు, చివరలో వచ్చే చిన్న ఊపు మోటారుకు రావు. 2019లో టిల్డర్స్‌కు, ఆయన సంస్థకు ప్రత్యేక టోనీ ఇచ్చారు.

దారి ఎక్కడ మొదలవుతుంది

ఈ వృత్తిలోకి ఒకే తలుపు లేదు. ప్రేగ్ కళా అకాడమీలో 1952 నుంచి బొమ్మలాట ఒక విశ్వవిద్యాలయ శాఖ. ఫ్రాన్స్‌లోని షార్ల్‌విల్-మెజియెర్ పట్టణంలో 1987లో జాతీయ స్థాయి పాఠశాల మొదలైంది. అమెరికాలో కనెక్టికట్ విశ్వవిద్యాలయం 1960ల నుంచి ఇందులో డిగ్రీ ఇస్తోంది. బొమ్మలాట కళాకారుల అంతర్జాతీయ సంఘం యునిమా 1929లోనే ఏర్పడింది. అంటే చదువుకునే చోట్లున్నాయి, సంఘముంది.

అయినా పేరు తెచ్చుకున్నవారి జీవితాలు చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది. ముందు ఎవరిదో బొమ్మ కింద చాలాకాలం ఉంటారు. టోబీ ఓలియే లండన్‌లో బొమ్మలాట చదివి, ‘వార్ హార్స్’ గుర్రాన్ని ఆడించిన తొలి బృందంలో పనిచేశారు. తర్వాత కొత్త జట్లకు తర్ఫీదు ఇచ్చారు, అదే గుర్రాన్ని ఆడించిన ఫిన్ కాల్డ్‌వెల్‌తో కలిసి సొంత సంస్థ పెట్టారు. 2022లో టోక్యోలో మొదలై 2024లో లండన్ వచ్చిన ‘స్పిరిటెడ్ అవే’ నాటకానికి బొమ్మల రూపకల్పన, దర్శకత్వం రెండూ ఓలియేవే. కాల్డ్‌వెల్ ‘లైఫ్ ఆఫ్ పై’కి బొమ్మలాట దర్శకుడై, నిక్ బార్న్స్‌తో కలిసి ఆ పులికి రూపమిచ్చారు. ఆ నాటకంలో కూడా తల, హృదయం, వెనుక భాగం అన్న విభజనే ఉండటం యాదృచ్ఛికం కాదు.

బేసిల్ ట్విస్ట్ దారి వేరు. షార్ల్‌విల్ పాఠశాల నుంచి పట్టభద్రుడైన మొదటి అమెరికన్ ఆయన. 1998లో ఫ్రెంచ్ స్వరకర్త బెర్లియోజ్ సంగీతానికి అనుగుణంగా పెద్ద నీటి తొట్టెలో గుడ్డలు, ఈకలు, రేకులు ఆడించి ఒక పూర్తి ప్రదర్శన చేశారు. అందులో పాత్రలు లేవు, కథ లేదు. నీటిలో వస్తువు కదిలే తీరే నాటకం. ఆ ప్రయోగాలు చేసిన మనిషే 2022లో లండన్‌లో ‘మై నైబర్ టొటోరో’ నాటకానికి భారీ ప్రాణులను రూపొందించి, వాటి ఆటకు దర్శకత్వం వహించారు. తయారీలో హెన్సన్ క్రీచర్ షాప్ పాలుపంచుకుంది.

ఈ రెండు దారుల మధ్య వందలమంది ఉంటారు. వారిలో ఎక్కువమందికి పని ఒక నాటకం నుంచి మరో నాటకానికి, మధ్యలో ఖాళీ నెలలతో సాగుతుంది. భుజాలు, మణికట్లు, నడుము దెబ్బతినడం ఈ వృత్తిలో మామూలు. అందుకే బొమ్మ బరువును తగ్గించడానికి రూపకర్త పడే తపన అందం కోసం మాత్రమే కాదు. వందో ప్రదర్శనలో కూడా ఆడించే మనిషి శరీరం నిలబడాలి. 2021లో టర్కీలోని గాజియాంటెప్ నుంచి ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ దాకా 8,000 కిలోమీటర్లు నడిచిన అమల్ అనే మూడున్నర మీటర్ల బాలిక బొమ్మ హ్యాండ్‌స్ప్రింగ్ వారిదే. దాని లోపలి మనిషి కాళ్లకు పొడవాటి కర్రలు కట్టుకుని నడుస్తూ, వీణ తీగల్లా అమర్చిన తాళ్లతో ముఖాన్ని కదిలిస్తారు. చేతులకు చెరొకరు. వీధుల్లో గాలి వీస్తే ఆ పొడవాటి జుట్టు, గౌను గాలికి లాగుతాయి. అంత దూరం ఒక్క జట్టుతో సాధ్యం కాదు కాబట్టి మనుషులు మారుతూ వచ్చారు. అమల్ నడక మారకుండా చూడటానికి ఎవరో ఒకరు కావాలి కదా.

కంప్యూటర్ వచ్చాక

గ్రాఫిక్స్ వచ్చి ఈ వృత్తిని మింగేసిందన్న మాట ముప్పై ఏళ్లుగా వినిపిస్తోంది. ‘జురాసిక్ పార్క్’ సమయంలో నమూనాలను ఫ్రేము ఫ్రేముగా కదిలించే పద్ధతిలో డైనోసార్లను చేయవలసినవాడు ఫిల్ టిపెట్. కంప్యూటర్ పరీక్షలు చూశాక ఆ పద్ధతిని పక్కన పెట్టారు. టిపెట్‌ను మాత్రం పక్కన పెట్టలేదు. జంతువు ఎలా ఆగుతుంది, ఎప్పుడు తల ఎత్తుతుంది, గుంపులో ఎలా మసలుతుంది అన్నవి కంప్యూటర్ దగ్గర కూర్చున్నవారికి ఆయన నేర్పారు. చేత్తో కదిలించగల నమూనా అస్థిపంజరానికి సెన్సర్లు పెట్టి, ఆ కదలికలను కంప్యూటర్‌లోకి ఎక్కించే పరికరం కూడా ఆ బృందం వాడింది. పనిముట్టు మారింది, జ్ఞానం అదే మనుషుల దగ్గర ఉంది. ఆ చిత్రంలో డైనోసార్లు కనిపించేది మొత్తం పావుగంట మాత్రమే. అందులో ఎక్కువ భాగం చేతులతో, యంత్రాలతో నడిచినవే.

2004 నాటి మూడో హ్యారీ పోటర్ చిత్రంలో నల్లని వస్త్రాల్లో గాలిలో తేలే భయానక జీవులైన డిమెంటర్ల కోసం దర్శకుడు అల్ఫోన్సో కువరోన్ బేసిల్ ట్విస్ట్‌ను పిలిపించారు. ట్విస్ట్ వాటిని నీటిలో గుడ్డ బొమ్మలుగా ఆడించి పరీక్షలు తీశారు. చిత్రీకరణకు అది సాధ్యపడదని తేలి, చివరకు డిమెంటర్లను కంప్యూటర్‌లో చేశారు. కానీ ఆ నల్లని వస్త్రం బరువు లేనట్టు నిదానంగా విచ్చుకునే తీరు ఆ నీటి పరీక్షల నుంచి వచ్చింది. తెర మీద ఒక్క బొమ్మ కూడా లేని చోట బొమ్మలాట దర్శకుడి పని ఉండటానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

‘స్టార్ వార్స్’ చిత్రాల్లోని చిన్నపాటి పచ్చని గురువు యోడా చరిత్ర ఇంకో మలుపు చూపిస్తుంది. 1980లో స్టువర్ట్ ఫ్రీబోర్న్ బృందం చేసిన బొమ్మను ఫ్రాంక్ ఆజ్ ఆడించారు. 2002కల్లా ఆ పాత్ర పూర్తిగా కంప్యూటర్ బొమ్మ అయింది. 2017 చిత్రంలో నీల్ స్కాన్లన్ బృందం పాత అచ్చుల ఆధారంగా దాన్ని మళ్లీ తయారు చేసింది, ఆజ్ మళ్లీ చేయి తొడిగారు. స్కాన్లన్ స్వయంగా హెన్సన్ వర్క్‌షాపులో ఎదిగి, 1995 ‘బేబ్’ చిత్రానికి ఆస్కార్ పంచుకున్న మనిషి. గ్రాఫిక్స్ ఉధృతిలో కొంతకాలం ఈ రంగానికి దూరంగా ఉండి తిరిగి వచ్చారు.

దర్శకులు ఇలా వెనక్కి రావడానికి కారణం పాతదాని మీద మమకారం ఒక్కటే కాదు. ఎదురుగా నిజంగా ఒక వస్తువు ఉంటే నటుడి చూపు సరైన చోట నిలుస్తుంది. సెట్‌లోని దీపాల వెలుగు దాని చర్మం మీద నిజంగా పడుతుంది. ఆ ప్రాణి అనుకోకుండా తల వంచితే ఎదుటి నటుడు కూడా అనుకోకుండా స్పందిస్తాడు. కాబట్టి ఇప్పటి క్రీచర్ డిజైనర్ మొదటి సమావేశంలోనే ఏ భాగం చేతితో, ఏ భాగం మోటారుతో, ఏ భాగం కంప్యూటర్‌తో అని శరీరాన్ని పంచవలసి వస్తోంది: తల, చేతులు బొమ్మవి, నడిచే కాళ్లు గ్రాఫిక్స్‌వి, రెప్పలు రిమోట్‌వి. వేర్వేరు గదుల్లో, వేర్వేరు నెలల్లో పనిచేసే ఈ మూడు బృందాలకు ఆ ప్రాణి ఊపిరి ఎంత వేగంగా పీలుస్తుందో ఒకే మాట చెప్పవలసిన బాధ్యత పప్పెట్రీ డైరెక్టర్ మీద పడుతోంది.